ఆదివారం అని చెప్పిన ఎపిసోడ్ బెంగళూరులో ఎందుకు కనపడట్లేదంటే

మీ యాప్‌లో తప్పేమీ లేదండీ. అమెరికన్ సిరీస్ ట్రైలర్‌లో వేసే తేదీ అమెరికాది. అక్కడ న్యూయార్క్‌లో ఆదివారం రాత్రి 9 అంటే మనకు సోమవారం పొద్దున 6:30. మీరు ఆదివారం రాత్రంతా రిఫ్రెష్ కొట్టినా రాదు. ‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ రెండో సీజన్ అక్కడ 2024 జూన్ 16న మొదలైతే మనకు 17 పొద్దున వచ్చింది.

1. ప్రకటనలో ‘ఈటీ’ (ET, న్యూయార్క్ ఉన్న తూర్పు వైపు టైమ్) ఉందా, ‘పీటీ’ (PT, లాస్ ఏంజెలెస్ ఉన్న పడమటి తీరం టైమ్) ఉందా చూడండి. ఈటీకి 9:30 గంటలు, పీటీకి 12:30 గంటలు కలపాలి.

2. అందరూ మరిచిపోయేది ఇదే: ఈ లెక్క వేసవిది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి జరుపుతారు, మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకు. అక్టోబరులో మొదలైన సీజన్ మధ్యలోనే 6:30 కాస్తా 7:30 అయిపోతుంది. ‘ఈ వారం ఎపిసోడ్ ఆపేశారు’ అన్న గోల అప్పుడే.

3. అందుకని ఫోన్ క్యాలెండర్‌లో మన టైమ్‌తో అలారం పెట్టొద్దు. ఈవెంట్‌లో టైమ్ జోన్ నొక్కి న్యూయార్క్ ఎంచుకుని, ఆదివారం రాత్రి 9 అని పెట్టి, వారం వారం రిపీట్ ఇవ్వండి. గంట తేడా వచ్చినా అదే సర్దుకుంటుంది.

నెట్‌ఫ్లిక్స్‌లో మామూలుగా పీటీ అర్ధరాత్రి, అంటే మనకు అదే తేదీ మధ్యాహ్నం 12:30, చలికాలంలో 1:30. అన్నిసార్లూ కాదు. ‘స్ట్రేంజర్ థింగ్స్’ ఐదో సీజన్ 2025 నవంబరు 26 సాయంత్రం 5 పీటీకి వదిలారు, మనకు 27 పొద్దున 6:30 అయింది.

ఆఫీసు క్యాబ్ ఎక్కేలోపు చూడలేకపోతే ముందు వాట్సాప్ గ్రూపులు మ్యూట్ చేసుకోండి.