ముందే డబ్బు కట్టమనే ఆన్‌లైన్ ఎగ్జిబిషన్ కోసం బంగారం తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ, మొగల్రాజపురం. నేను బొమ్మలు వేస్తాను, ఇంట్లో పిల్లలకు డ్రాయింగ్ క్లాసులు చెప్పేదాన్ని. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక క్లాసులూ ఎగ్జిబిషన్లూ ఆగిపోయాయి. జూన్ నుంచి ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి అమ్ముతున్నాను. అక్టోబరు చివరికి 1,86,000 రూపాయలు వచ్చాయి. పెద్ద కాన్వాసు 12,000కి ఇస్తున్నాను. అందులో కాన్వాసు, రంగులకు 1,600, ప్యాకింగు, కొరియరుకు 850 దాకా పోతుంది. మావారు ప్రైవేటు స్కూలు టీచరు, ఇప్పుడు సగం జీతమే ఇస్తున్నారు. ఇంటి లోను ఈఎంఐ 14,200. ఆగస్టు వరకూ మారటోరియం (ఈఎంఐలు వాయిదా వేసుకునే వెసులుబాటు) వాడుకున్నాం. ఒక ఆన్‌లైన్ గ్యాలరీ వాళ్లు రెండు నెలలు వర్చువల్ ఎగ్జిబిషన్ పెడతామంటున్నారు. ముందు 40,000 కట్టాలి, అమ్మకాల్లో 35 శాతం కమిషన్ ఇవ్వాలి. గాజులు తాకట్టు పెట్టి కట్టొచ్చా? పన్నులు ఏమైనా పడతాయా?

జవాబు: గాజులు బీరువాలోనే ఉంచండమ్మా. ఎందుకు వద్దంటున్నానో మీరు రాసిన అంకెలే చెబుతున్నాయి.

12,000 బొమ్మను మీరే నేరుగా అమ్మితే ఖర్చులు పోను 9,550 మిగులుతుంది. అదే బొమ్మ గ్యాలరీ ద్వారా అమ్ముడైతే కమిషన్ 4,200 పోయి 5,350 మిగులుతుంది. ముందు కట్టిన 40,000 తిరిగి రావాలంటే రెండు నెలల్లో ఎనిమిది పెద్ద బొమ్మలు అమ్ముడుపోవాలి. ఎనిమిదో బొమ్మ అమ్ముడయ్యేదాకా మీకు రూపాయి మిగలదు. తాకట్టు వడ్డీ ఇంకా ఇందులో కలపలేదు.

35 శాతం కమిషన్ ఎక్కువని నేను అనను. మీకు తెలియని కొనుగోలుదారులను తెచ్చిపెట్టే గ్యాలరీకి ఆ మాత్రం ఇవ్వొచ్చు. నా అభ్యంతరమంతా ఆ 40,000 మీదే. అమ్ముడైతేనే కమిషన్ తీసుకునేవాళ్లకు మీ బొమ్మ అమ్మాలన్న పట్టుదల ఉంటుంది. ముందే డబ్బు తీసుకున్నవాళ్లకు బొమ్మ అమ్ముడైనా కాకపోయినా పోయేదేమీ లేదు. వాళ్లను రెండు విషయాలు అడగండి. ప్రవేశ రుసుము లేకుండా, కావాలంటే 40 శాతం కమిషన్ మీద పెడతారా? ఇంతకుముందు వాళ్లతో ఎగ్జిబిషన్ పెట్టిన ఇద్దరు ముగ్గురు ఆర్టిస్టుల నంబర్లు ఇస్తారా? ఈ రెండింటికీ జవాబు దాటవేస్తే అక్కడితో వదిలేయండి.

బంగారం విషయంలో ఇంకో మాట. 2020 ఆగస్టులో ఆర్‌బీఐ నగల విలువలో 90 శాతం దాకా అప్పు ఇచ్చేందుకు బ్యాంకులకు అనుమతి ఇచ్చింది, 2021 మార్చి 31 వరకూ. ఎక్కువ డబ్బు చేతికొస్తుందని చాలామంది సంతోషపడ్డారు. కానీ అదే ఆగస్టులో పది గ్రాముల ధర 56 వేలు దాటి, తర్వాత కిందికి దిగింది. విలువకు అంత దగ్గరగా అప్పు తీసుకున్నాక ధర తగ్గితే, తేడా కట్టమని బ్యాంకు నుంచి ఫోను వస్తుంది. ఒక జీతం సగమైన ఇంటికి ఆ టెన్షన్ వద్దు. రేపు ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి అవసరం వస్తే ఆదుకునేవి ఆ గాజులే.

ఇక మీ సంపాదన. 1,86,000 అనగానే పెద్ద మొత్తంలా ఉంది. మీరు చెప్పిన ఖర్చుల లెక్కనే చూస్తే నికరంగా మిగిలింది సుమారు 1,48,000, అంటే నెలకు 30 వేలకు కొంచెం తక్కువ. ఈ కష్టకాలంలో, షోరూమ్ లేకుండా, ఫోను ఒక్కటే పెట్టుకుని సాధించారు. నిజంగా మెచ్చుకోవాలి. అయితే ఇది నెలనెలా ఒకేలా వచ్చే డబ్బు కాదు. దసరా, దీపావళికి ఇల్లు సర్దుకుంటూ కొన్నవాళ్లు జనవరిలో కొనకపోవచ్చు. అమ్మకాల డబ్బుకు వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. అందులోంచి నెలకు 20,000 మాత్రమే ఇంటి ఖాతాకు మార్చండి, అదే మీ జీతం అనుకోండి. బాగా అమ్ముడైన నెలలోనూ అంతే. మిగిలింది మూడు నెలల ఈఎంఐకి, ఇంటి ఖర్చులకు సరిపడా అయ్యేదాకా కదిలించొద్దు. ఆర్డర్లకు తీసుకునే అడ్వాన్సు, బొమ్మ చేరేదాకా మీది కాదు. దాన్ని ఈ లెక్కలో కలపకండి.

మారటోరియం ఆరు నెలల వడ్డీ మాఫీ కాలేదు, అసలులో కలిసింది. చక్రవడ్డీకి, సాధారణ వడ్డీకి మధ్య తేడాను మాత్రం 2 కోట్ల లోపు రుణాలవాళ్లకు తిరిగి జమ చేయాలని కేంద్రం బ్యాంకులకు 2020 నవంబరు 5 గడువు పెట్టింది. మీ లోను స్టేట్‌మెంటు తీసుకుని అది పడిందో లేదో, లోను గడువు ఎన్ని నెలలు పెరిగిందో చూడండి.

పన్నుల గురించి మీరు భయపడాల్సిన పని లేదు. 2020-21 ఆర్థిక సంవత్సరం మొత్తం నికర ఆదాయం 5 లక్షలు దాటకపోతే సెక్షన్ 87ఎ రిబేటు (పన్ను తగ్గింపు) వల్ల ఆదాయపు పన్ను పడదు. అయినా రిటర్ను వేయండి. రేపు బ్యాంకు లోను అడిగితే మీ చేతిలో ఉండే రుజువు అదే. చేతితో వేసిన బొమ్మలకు 2020లో జీఎస్‌టీ 12 శాతం. మామూలుగా వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే మొదటి రూపాయి నుంచే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ కావాలి. కానీ చేతి చిత్రాలు హస్తకళల జాబితాలో ఉన్నాయి కాబట్టి ఏడాదికి 20 లక్షల వరకూ షరతులతో సడలింపు ఉంది. పాన్, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) లాంటివి చూసుకోవాలి. వేరేవాళ్ల వెబ్‌సైటులో అమ్మేటప్పుడు నిబంధనలు మారతాయి, ప్రింట్ల సంగతీ వేరు. అక్కడికి వెళ్లేముందు ఆడిటరుకు ఒకసారి చూపించండి.

బొమ్మ అమ్మినంత మాత్రాన కాపీరైటు కొన్నవాళ్లకు పోదు, మీదే. ఎవరైనా డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న పోర్ట్రెయిటుకు మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, చట్టం ప్రకారం తొలి హక్కుదారు వాళ్లే. దాన్ని ప్రింట్లు తీసి అమ్మాలనుకుంటే ఆర్డరు తీసుకునేటప్పుడే వాట్సాప్‌లోనైనా రాయించుకోండి.

ఆర్మీ అధికారినని చెప్పి, బేరం ఆడకుండా కొంటానని, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనేవాళ్లు 2020లో చాలామందిని ముంచారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టే అవసరం ఎప్పుడూ ఉండదు. ఖాతాలో డబ్బు పడ్డాకే బొమ్మ ప్యాక్ చేయండి. ప్యాకింగుకు ముందు నాలుగు ఫొటోలు తీయండి, 10,000 దాటిన ప్రతి బొమ్మకూ విలువ రాయించి ట్రాన్సిట్ ఇన్సూరెన్సు (దారిలో పాడైనా, పోయినా డబ్బిచ్చే బీమా) చేయించండి. ఆ ప్రీమియం కొనేవాళ్ల ధరలోనే కలపండి.