జీవులతో వెలిగే దీపాలు బల్బుకి బదులు పనికొస్తాయా?

చదువుకోడానికైతే పనికిరావండి, వెలుగు చాలా తక్కువ, కానీ కళకి, డిజైన్‌కి మాత్రం భలే పనికొస్తాయి. మా పర్లాకిమిడిలో వానలు మొదలయ్యాక మహేంద్రతనయ ఒడ్డున మిణుగురుల్ని చూస్తుంటాం, ఒకటి అరచేతి మీద వాలితే చర్మం పచ్చగా మెరుస్తుంది గానీ చురుక్కుమనదు, ఎందుకంటే దాని పొట్టలో లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసి వేడి పెద్దగా లేకుండా వెలుగిస్తుంది. 2011లో ఫిలిప్స్ వాళ్లు గాజు బుడ్డీల్లో మెరిసే బ్యాక్టీరియా పెంచి, మీథేన్ మేతగా ఇచ్చి ఒక నమూనా దీపం చూపించారు. అమెరికాలో 2024 నుంచి పుట్టగొడుగు జన్యువులు పెట్టిన, చీకట్లో మెరిసే పెటునియా మొక్కలు అమ్ముతున్నారు.

నాకు బాగా నచ్చేవి డైనోఫ్లాజెలేట్లు, సముద్రంలో ఉండే సూక్ష్మజీవులు, సీసాలో పోసి పగలు వెలుతురు తగలనిస్తే రాత్రి కదిపినప్పుడల్లా నీలంగా ఒక్క క్షణం మెరుస్తాయి, ఊరికే కుదుపుతూ ఉంటే అలిసిపోతాయి కాబట్టి కాసేపు వదిలేయాలి. కరెంటు అక్కర్లేదు నిజమే, కానీ మేత, గాలి, సరైన వేడిమి చూసుకోవాలి, లేకపోతే చచ్చిపోతాయి.

డెకరేషన్ కోసం మిణుగురుల్ని మాత్రం సీసాల్లో పట్టకండి దయచేసి, ఆ వెలుగు అవి జోడీని పిలుచుకునే పిలుపు.