నిర్లక్ష్యానికి గురైన తాబేళ్లను తెచ్చుకుంటే ముందు నీళ్లు, వెచ్చదనం, తర్వాతే తిండి

తెలిసినవాళ్లు ఏళ్ల తరబడి గాజు తొట్టిలో ఉంచిన రెండు నేల తాబేళ్లను ఇచ్చేస్తామంటున్నారని, ఇన్నాళ్లూ లెట్యూస్, టమాటాలే పెట్టారని, డిప్పలు గుట్టలు గుట్టలుగా లేచాయని, వాటిలో ఒకటి అసలు తినడం లేదని రాశారు. తెచ్చుకోవచ్చా, తెస్తే మొదట ఏం చెయ్యాలి అన్నది మీ ప్రశ్న. నేను దాదాపు ఇదే పరిస్థితిలో ఉన్న ఒక గ్రీక్ తాబేళ్ల జంటను తెచ్చుకుని పెంచుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు అవి ఏ జాతివో తేల్చుకోండి. చాలా దేశాల్లో కొన్ని జాతులను కాగితాలు లేకుండా ఇంట్లో ఉంచుకోవడమే నేరం. ఉదాహరణకు నక్షత్ర తాబేలు 2019 నుంచి సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, అంటే దాని అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. అలాంటిది అని తేలితే అటవీ శాఖకో, గుర్తింపు ఉన్న రక్షణ కేంద్రానికో అప్పగించడమే దారి. జాలిపడి తీసుకెళ్లి అడవిలోనో చెరువు గట్టునో మాత్రం వదలకండి. నేల తాబేలు నీళ్లలో ఈదలేదు, మునిగిపోతుంది. పైగా ఇంట్లో పెరిగిన తాబేలు మోసుకెళ్లే జబ్బులు బయటి తాబేళ్లకు అంటుకుంటాయి.

చట్టం అడ్డు రాదనుకుంటే సంతోషంగా తెచ్చుకోండి. తెచ్చిన రోజు మీ చేతులు దాని నోటికి ఏదో ఒకటి అందించాలని ఆరాటపడతాయి. అక్కడే ఆగాలి. చాలాకాలంగా నీళ్లు అందని తాబేలు పేగుల్లో కదలిక ఉండదు. వెచ్చదనం లేకపోతే పొట్టలో పడ్డది అరగదు, ఎందుకంటే దాని ఒంటి వేడి మొత్తం బయటి నుంచి రావలసిందే. బాగా చిక్కిపోయిన ప్రాణికి ఒక్కసారిగా తిండి ఎక్కిస్తే రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ పడిపోయి ప్రాణానికే ముప్పు వస్తుంది. అందుకే వరుస ఇదీ: నీళ్లు, వెచ్చదనం, ఆ తర్వాతే తిండి.

నీళ్లంటే తాగడానికి గిన్నె పెట్టడం ఒక్కటే కాదు, నానబెట్టడం. అది ఎక్కి రాలేని ఎత్తున్న టబ్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, గడ్డం వరకు మాత్రమే మునిగేలా కూర్చోబెట్టండి. రోజూ ఇరవై నిమిషాల నుంచి అరగంట చాలు, నీళ్లు చల్లారితే మార్చండి. మా ఆడ తాబేలు మొదట కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయింది. కాసేపటికి మెడ చాచి ముక్కు నీళ్లలో పెట్టింది, గొంతు పైకీ కిందికీ ఆడుతోంది. అది తాగడం. చాలాసేపు అలాగే తాగింది. టబ్‌లో అది వదిలే తెల్లటి పదార్థాన్ని కూడా గమనించండి. అది యూరేట్, మూత్రంలో భాగమే. టూత్‌పేస్ట్ లాగా మెత్తగా ఉంటే ఫర్వాలేదు. ఇసుకలా గరుగ్గా ఉంటే ఒంట్లో నీళ్లు చాలడం లేదని అర్థం, అది ముదిరితే మూత్రాశయంలో రాళ్లు కడతాయి. మా దానికి మొదట్లో గరుగ్గానే వచ్చింది. క్రమంగా మెత్తబడింది, ఆకలి కూడా ఆ తర్వాతే మొదలైంది.

వెచ్చదనానికి ఒక మూల బల్బు కింద 32 నుంచి 35 డిగ్రీలు, అవతలి కొస పాతిక డిగ్రీల దగ్గర ఉండేలా చూడండి, ఎక్కడ కూర్చోవాలో అదే ఎంచుకుంటుంది. జబ్బుగా ఉన్నన్నాళ్లు రాత్రిళ్లు కూడా చల్లబడనివ్వకండి. ఈ ఏడాది శీతాకాల నిద్ర ఊసే వద్దు, నీరసంగా ఉన్న తాబేలు ఆ నిద్రలోంచి లేవకపోవచ్చు. వేడి బల్బుతో పాటు యూవీబీ ట్యూబ్, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలను ఇచ్చే దీపం, తప్పనిసరి. ఆ కిరణాలు లేకపోతే ఒంట్లో డీ3 విటమిన్ తయారు కాదు, డీ3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, ఎముక మెత్తబడుతుంది. డిప్ప కూడా ఎముకే కదా. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ దీనికి పనికిరాదు, యూవీబీని గాజు ఆపేస్తుంది. ట్యూబ్ వెలుగుతూనే ఉన్నా రకాన్ని బట్టి 6 నుంచి 12 నెలల్లో అందులో యూవీబీ తగ్గిపోతుంది, అందుకని కొన్న తేదీ దాని మీదే రాసిపెట్టుకోండి. వాతావరణం అనుకూలిస్తే కొంత నీడ ఉన్న చోట నేరుగా ఎండలో వదలడం అన్నిటికన్నా మేలు.

ఇక ఒకటి తినడం లేదన్నారు కదా, నాకు అన్నిటికన్నా అనుమానం కలిగించింది అదే. రెండింటినీ ఇవాళే విడదీయండి. ఒకదానికొకటి తోడు అనుకుంటాం కానీ నేల తాబేళ్లకు తోడు అక్కర్లేదు, ఇరుకు చోట ఒకటి రెండోదాన్ని వేధిస్తుంది. మా మగది ఆడదాని వెనక కాళ్లు కొరికేది, డిప్పతో ఢీకొట్టేది. వెచ్చని మూలను అదే ఆక్రమించేది. దెబ్బలాట కంటికి కనబడకపోయినా, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటుంటే దాన్ని ప్రేమ అనుకోవద్దు. ఒకదాన్ని ఒకటి చూసుకునే వీలు కూడా లేకుండా వేరు చేశాకే మా ఆడది తలెత్తింది. తిరగడానికి వీలుగా వెడల్పాటి చోటు, చుట్టూ అవతలిది కనబడని గోడలు, తవ్వుకోవడానికి మట్టి, దాక్కోవడానికి ఒక గూడు ఉండాలి. గాజు గోడ ఉంటే అవతలికి వెళ్లాలని రోజంతా దాన్నే గీరుతూ అలసిపోతుంది.

డాక్టర్ విషయంలో రాజీ పడకండి. సరీసృపాలను చూసే అనుభవం ఉన్నవాళ్లే కావాలి. వెళ్లేటప్పుడు తాజా పెంట తీసుకెళ్తే పురుగుల పరీక్ష చేస్తారు. నులిపురుగులకు మందు రాస్తుంటే అందులో ఐవర్‌మెక్టిన్ లేదని అడిగి తెలుసుకోండి, కుక్కలకు, పశువులకు వాడే ఆ మందు తాబేళ్లకు విషం. ముక్కు కారడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, కళ్లు వాచడం, డిప్ప నొక్కితే మెత్తగా దిగడం లేదా వాసన రావడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు చూపించండి. పెరిగిపోయిన నోటి అంచును, గోళ్లను కూడా మొదటిసారి డాక్టరే కత్తిరించాలి, లోపల రక్తనాళాలు ఉంటాయి. మీ ఇంట్లో ఇప్పటికే తాబేళ్లు ఉంటే కొత్తవాటిని కొన్ని నెలలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచండి. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడగాలి, వాటి ఒంటిమీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బాక్టీరియా ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో మరీ ముఖ్యం.

తిండి సంగతి జాతిని బట్టి మారుతుంది. గ్రీక్, హెర్మన్, సల్కాటా, లెపర్డ్ లాంటివాటికి పీచు ఎక్కువ, చక్కెర తక్కువ ఉండాలి. గడ్డి, కలుపు ఆకులు, మందార ఆకులూ పువ్వులూ, మల్బరీ ఆకులు, ముళ్లు తీసిన నాగజెముడు మట్టలు, వీటిలో ఏదీ మందు కొట్టింది కాకూడదు. పళ్లు, బ్రెడ్డు, కుక్కల ఆహారం వద్దు. లెట్యూస్‌కే అలవాటు పడింది కొత్త ఆకుని ఆకుగా గుర్తించదు, అందుకే ఆ లెట్యూస్‌లోనే కొత్త ఆకును సన్నగా తరిగి కలిపి, వారం వారం పాళ్లు మారుస్తూ రండి. పైన చిటికెడు కాల్షియం కార్బొనేట్ పొడి చల్లండి. వారానికోసారి డిజిటల్ కాటా మీద తూచి రాసుకోండి, బాగుపడుతోందో లేదో కళ్లకన్నా ముందు ఆ అంకెలే చెబుతాయి.

డిప్ప మళ్లీ నున్నగా అవుతుందా అంటే, కాదు. లేచిన గుట్టలు అలాగే ఉంటాయి, కొత్తగా పెరిగే భాగం మాత్రం చదునుగా రావచ్చు. మాంసకృత్తులు ఎక్కువవడం వల్లే ఇలా అవుతుందని చాలాకాలం అనుకున్నారు. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో సల్కాటా పిల్లల మీద చూస్తే, తిండిలోని మాంసకృత్తులకన్నా గాలిలో తేమ తక్కువవడమే పెద్ద కారణంగా తేలింది. నూనె రాయడం, అరగదీయడం లాంటివి ఎవరు చెప్పినా చెయ్యకండి, డిప్పకు స్పర్శ ఉంటుంది, నొప్పి తెలుస్తుంది. నడక బాగుండి, తింటూ, బరువు నిలకడగా ఉంటే ఆ గుట్టలతోనే దశాబ్దాలు బతుకుతుంది. మీ తర్వాత దాన్ని ఎవరు చూస్తారో ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.

తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఇచ్చేవాళ్లను నిందించకండి. చాలామందికి అమ్మినవాళ్లే తప్పు చెప్పి ఉంటారు. నిష్ఠూరంగా మాట్లాడితే కావలసిన సమాచారం రాదు. ఎన్నేళ్ల క్రితం కొన్నారు, కాగితాలున్నాయా, ఆఖరిసారి ఎప్పుడు తిన్నది, ఎప్పుడు పెంట వేసింది, ఇంజెక్షన్లు ఏమైనా చేయించారా, ఆడదైతే గుడ్లు పెట్టిందా అని నెమ్మదిగా అడగండి. ఈ చివరిది మరిచిపోవద్దు, గుడ్లు లోపలే ఆగిపోయినా తిండి మానేస్తుంది. అది తేల్చడానికి ఎక్స్‌రే కావాలి. తిననిది ఆడదైతే మొదటి వారంలోనే తీయించండి.