మీ ప్రశ్నలు, దంత వైద్యుని జవాబులు: పంటి రంగు ఫిల్లింగులు

ఈ నెల శీర్షికకు చెన్నైలో స్థిరపడిన తెలుగు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలలో పంటి రంగు ఫిల్లింగులను గురించినవి ఎక్కువగా ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న (పెరంబూరు నుంచి ఒక గృహిణి): నాకు యాభై రెండేళ్లు. కింది దవడ పళ్లలో మూడింటికి చాలా ఏళ్ల క్రితం వెండి సిమెంటు పెట్టించుకున్నాను. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు. ఈ మధ్య పళ్లు శుభ్రం చేయించుకోవడానికి వెళ్తే, అందులో పాదరసం ఉంటుందని, మూడూ తీసేసి పంటి రంగువి పెట్టించుకోవడం మంచిదని చెప్పారు. మా అమ్మాయి కూడా అదే మాట పట్టుకుని కూర్చుంది. తీయించుకోమంటారా?

జవాబు: బాధ పెట్టకుండా, పగలకుండా, అంచుల దగ్గర పుచ్చు లేకుండా ఉన్న ఫిల్లింగును రంగు కోసమో భయం వల్లనో తీయించుకోవలసిన అవసరం లేదు. మీకు చెప్పిన మాటలో సగం నిజం ఉంది. మనవాళ్లు వెండి సిమెంటు అనే అమాల్గమ్‌లో బరువును బట్టి చూస్తే దాదాపు సగం పాదరసమే. మిగిలినది వెండి, తగరం, రాగి కలిసిన లోహపు పొడి. గట్టిపడిన తరువాత పాదరసం ఆ లోహాలతో కలిసిపోయి ఉంటుంది కాని, నమిలేటప్పుడు అతి స్వల్పంగా ఆవిరి వెలువడుతూనే ఉంటుంది. అందువల్లనే అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2020లో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పిల్లలకు, ముఖ్యంగా ఆరేళ్లలోపు వారికి, నాడీ సంబంధమైన లేదా మూత్రపిండాల జబ్బులున్నవారికి కొత్తగా అమాల్గమ్ వేయకుండా ఉండటం మేలని సూచించింది. అదే సూచనలో, బాగున్న పాత ఫిల్లింగులను వైద్యపరమైన కారణం లేకుండా తీయించవద్దని కూడా స్పష్టంగా ఉంది. ఈ రెండో భాగాన్ని చెప్పేవారు తక్కువ.

మీ అమ్మాయి బహుశా మినమాటా ఒప్పందం గురించి విని ఉంటుంది. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో కుదిరి 2017లో అమలులోకి వచ్చిన ఈ అంతర్జాతీయ ఒప్పందంలో భారతదేశం 2018లో చేరింది. దంత వైద్యంలో అమాల్గమ్ వాడకాన్ని 2034 నాటికి పూర్తిగా ఆపాలని సభ్యదేశాలు 2025లో జెనీవాలో అంగీకరించాయి. ఈ నిర్ణయం వెనుక ఉన్న ప్రధాన ఆందోళన మురుగునీటిలో, గాలిలో, చివరికి చేపలలో చేరే పాదరసం గురించి. కొత్తగా వేయడం ఆగిపోతుందే తప్ప, ఇప్పటికే నోట్లో ఉన్నవాటిని తొలగించుకోమని ఆ ఒప్పందం అడగదు. పైగా పాత ఫిల్లింగును డ్రిల్లుతో తొలిచే ఆ కొద్ది నిమిషాలలోనే పాదరసం ఆవిరి మామూలు కంటే ఎక్కువగా వెలువడుతుంది. దానితోపాటు చుట్టూ ఉన్న మంచి పన్ను కూడా కొంత పోతుంది. గుంత పెద్దదైతే పన్ను బలహీనపడి, రేపు క్యాపు వేయవలసి రావచ్చు.

ఇంకొక సంగతి. అమాల్గమ్‌తో పోల్చి చూసిన పరీక్షలలో, దవడ పళ్లలో వేసిన పంటి రంగు కాంపోజిట్ ఫిల్లింగులే ఎక్కువగా పాడయ్యాయి. వాటి అంచుల దగ్గర మళ్లీ పుచ్చు రావడం కూడా ఎక్కువ. నిశ్చింతగా పనిచేస్తున్నదాన్ని తీసి, మరింత జాగ్రత్త అడిగేదాన్ని పెట్టించుకోవడమవుతుంది. అంచు విరిగినా, కొరికినప్పుడు కలుక్కుమన్నా, ఎక్స్‌రేలో కింద పుచ్చు కనిపించినా అప్పుడు మార్పించుకోండి. కారణం ఏమిటో అద్దంలోనో ఎక్స్‌రేలోనో చూపించమని అడగడానికి మొహమాటపడకండి. తీయవలసి వస్తే పంటి చుట్టూ రబ్బరు తెర కట్టి, నీళ్లు ధారాళంగా వదులుతూ, బలమైన సక్షన్ గొట్టం పెట్టి, ఫిల్లింగును అరగదీయకుండా పెద్ద ముక్కలుగా కోసి తీసేవారి దగ్గరకు వెళ్లండి.

ప్రశ్న (తాంబరం నుంచి ఒక ప్రైవేటు ఉద్యోగి): ఒకే పంటికి ఒక క్లినిక్‌లో ఎనిమిది వందలు, మరొక చోట మూడు వేలు చెప్పారు. రెండూ పంటి రంగు ఫిల్లింగే అన్నారు. ఇంత తేడా ఎందుకు?

జవాబు: పంటి రంగులో ఉండేదంతా ఒకటే పదార్థం కాదు. తక్కువ ధర చెప్పినవారు గ్లాస్ అయానమర్ గురించి చెప్పి ఉండవచ్చు. 1970ల తొలినాళ్లలో ఇంగ్లండులో రూపొందిన ఈ సిమెంటు పంటికి రసాయనికంగా తనంతట తాను అంటుకుంటుంది, కొద్దికొద్దిగా ఫ్లోరైడ్‌ను వదులుతుంది, కాస్త తడి ఉన్నా సర్దుకుంటుంది. చిగురు దగ్గర అరిగిన పళ్లకు, పిల్లల పాలపళ్లకు అది చక్కగా సరిపోతుంది. నమిలే ఒత్తిడి పడే దవడ పన్ను పైభాగంలో మాత్రం అది త్వరగా అరుగుతుంది, పగులుతుంది. అందుచేత ముందుగా అడగవలసిన ప్రశ్న ఏ పదార్థం వేస్తారన్నది.

ఇద్దరూ కాంపోజిట్ అనే చెప్పి ఉంటే, తేడా చాలావరకు పని తీరులోను, దానికి పట్టే సమయంలోను ఉంటుంది. కాంపోజిట్ అంటే అతి సన్నని గాజు రేణువులు కలిసిన రెజిన్, అంటే ఒక రకం ప్లాస్టిక్ పదార్థం. అది పంటికి ఊరికే అంటుకోదు. 1955లో అమెరికన్ దంత వైద్యుడు మైకేల్ బ్యూనొకోర్ పంటి పైన ఉండే గట్టి పొరను, అంటే ఎనామెల్‌ను, ఆమ్లంతో గరుకు చేస్తే రెజిన్ గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. 1962లో రాఫెల్ బోవెన్ పేటెంట్ పొందిన రెజిన్ నేటి కాంపోజిట్లకు మూలమయింది. ఇప్పుడు కూడా పద్ధతి అదే: పుచ్చు తీసి, ఫాస్ఫారిక్ ఆమ్లపు జెల్‌ను కొన్ని సెకన్లు ఉంచి, కడిగి, సరిగ్గా ఆరబెట్టి, అంటించే ద్రవం పూసి, ఆ తరువాత కాంపోజిట్‌ను పొరలు పొరలుగా నింపుతూ, ఒక్కో పొరను నీలి కాంతితో గట్టిపరుస్తారు. ఒక్కో పొర మందం సాధారణంగా 2 మిల్లీమీటర్లు దాటకూడదు. కాంతి లోతుకు చేరకపోతే అడుగున పచ్చిగానే మిగిలిపోతుంది. నీలి కాంతి తగిలి గట్టిపడేటప్పుడు కాంపోజిట్ ఘనపరిమాణంలో 2 నుంచి 3 శాతం దాకా కుంచించుకుపోతుంది కూడా. ఒకేసారి నింపేస్తే అది పంటి గోడ నుంచి విడివడి, ఆ సందులోకి ఉమ్మి, క్రిములు చేరతాయి. ఒకేసారి 4 మిల్లీమీటర్ల దాకా నింపగలిగే రకాలు వచ్చాయి కాని, వాటినీ ఆ కొలత దాటి వాడకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది తడి. తడి గోడ మీద రంగు నిలవనట్లే ఉమ్మి తగిలిన పంటి మీద కాంపోజిట్ నిలవదు. అందుకే పంటి చుట్టూ రబ్బరు తెర కడతారు. కట్టలేని చోట దూది చుట్టలు, సక్షన్‌తో సరిపెట్టుకుంటారు. రెండు పళ్ల మధ్య పుచ్చు ఉంటే సన్నని లోహపు పట్టీ, చిన్న చెక్కముక్క పెట్టి, పక్క పంటిని తాకేలా గోడ కట్టాలి. లేకపోతే ప్రతి భోజనంలోనూ అక్కడ మెతుకు ఇరుక్కుంటుంది. ఇదంతా హడావుడిగా అయ్యే పని కాదు. ఎక్కువ తీసుకున్నవారంతా ఇదంతా చేస్తారని నేను హామీ ఇవ్వను కాని, రబ్బరు తెర వాడతారా, ఎంతసేపు పడుతుంది అని అడిగితే జవాబును బట్టి మీకే తెలుస్తుంది. ఖర్చు భారమనిపిస్తే పార్క్‌టౌన్‌లో, ఫోర్ట్ రైల్వేస్టేషన్ ఎదురుగా ఉన్న తమిళనాడు ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లవచ్చు. అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు కనుక ఆలస్యమవుతుంది. ఒక పూట కేటాయించుకుని వెళ్లండి.

ప్రశ్న (సైదాపేట నుంచి ఒక పాఠకురాలు): వారం క్రితం పై దవడ పంటికి పంటి రంగు ఫిల్లింగ్ వేశారు. చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది, అదే వైపు కొరికితే కలుక్కుమంటోంది. కాఫీ కూడా తగ్గించాలా?

జవాబు: చల్లదనానికి జివ్వుమని, రెండు మూడు సెకన్లలో తగ్గిపోతుంటే కంగారు పడనవసరం లేదు, గుంత లోతుగా ఉన్నప్పుడు ఇది రెండు వారాల దాకా ఉండి క్రమంగా పోతుంది. కొరికినప్పుడు వచ్చే నొప్పికి మాత్రం తరచుగా కారణం ఫిల్లింగ్ కాస్త ఎత్తుగా ఉండటమే. మత్తు ఇంజెక్షన్ ప్రభావంలో ఉండగా మీరు సరిగ్గా కొరికి చూపించలేరు కదా. మళ్లీ వెళ్తే రంగు కాగితం కొరికించి, ఎత్తుగా ఉన్న చోట కొద్దిగా అరగదీస్తారు. వేడికి నొప్పి మొదలై నిమిషాల తరబడి సలుపుతున్నా, రాత్రి నిద్ర లేపుతున్నా ఆలస్యం చేయకండి. లోపలి నరం దెబ్బతిన్నదేమో చూసి రూట్ కెనాల్ అవసరమా కాదా తేల్చాలి.

కాఫీ మానక్కరలేదు. చెన్నైలో ఉంటూ ఫిల్టర్ కాఫీ మానమని చెప్పే ధైర్యం నాకూ లేదు. కాంపోజిట్ కాంతి పడగానే గట్టిపడుతుంది కనుక, మత్తు దిగిన తరువాత భోజనం చేయవచ్చు. కాఫీ, టీ, పసుపు, వక్క కాలక్రమంలో ముఖ్యంగా అంచుల దగ్గర మరక పడేలా చేస్తాయి. చాలావరకు పాలిష్‌తో పోతుంది.

ప్రశ్న (షోళింగనల్లూరు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి): మాది ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి ప్రాంతం. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు తాగడం వల్ల ముందు పళ్ల మీద గోధుమ రంగు మచ్చలున్నాయి. పంటి రంగు ఫిల్లింగుతో కప్పించుకోవచ్చా? మా అక్క పిల్లలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, వాళ్లకూ ఇలాగే వస్తుందా?

జవాబు: కప్పించుకోవచ్చు కాని, అది మొదటి మెట్టు కాకూడదు. చిగుళ్ల కింద పళ్లు తయారయ్యే వయసులో నీటితో ఎక్కువ ఫ్లోరైడ్ లోపలికి వెళ్తే ఎనామెల్ సరిగ్గా ఏర్పడదు. దీన్నే ఫ్లోరోసిస్ అంటారు. పన్ను బయటికి వచ్చాక ఆ మచ్చలకు గోధుమ రంగు పడుతుంది. మచ్చ పైపొరకే పరిమితమైతే ఆమ్లం, సన్నని రాపిడి పొడి కలిపి రుద్ది పైపొరను కొద్దిగా తీసే పద్ధతి ఉంది. ఆ తరువాత పళ్లను తెల్లబరిచే జెల్ వాడితే చాలామందికి అంతటితోనే సరిపోతుంది. గుంటలు పడి ఎనామెల్ ఊడిన చోట్ల మాత్రమే కాంపోజిట్ వేయించుకోండి. వరుస ముఖ్యం. తెల్లబరచడం ముందు కావాలి, ఎందుకంటే వేసిన ఫిల్లింగు రంగును ఆ జెల్ మార్చలేదు. తెల్లబరిచిన తరువాత కనీసం రెండు వారాలు ఆగాలి. ఆ జెల్ నుంచి పంటిలో మిగిలిన పెరాక్సైడ్ కాంపోజిట్‌ను సరిగ్గా అంటుకోనివ్వదు. ఫ్లోరోసిస్ వచ్చిన ఎనామెల్‌ను ఆమ్లంతో గరుకు చేయడం కూడా కష్టం కనుక ఎక్కువసేపు ఉంచవలసి వస్తుంది; మీది కనిగిరి అని వైద్యునికి ముందే చెప్పండి. రంగు ఎంపిక పని మొదలుపెట్టకముందే, పళ్లు తడిగా ఉండగా, వీలైతే కిటికీ వెలుతురులో జరగాలి. ఆరిన పన్ను అసలు రంగు కంటే తెల్లగా కనిపిస్తుంది.

ఇది వంశపారంపర్యం కాదు, నీటి వల్ల వచ్చేది. పిల్లలు ఎనిమిదేళ్లలోపు వారైతే ఇప్పుడే జాగ్రత్త పడాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 1.5 దాకా అనుమతిస్తారు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మీ అక్కగారి బోరు నీళ్లను పరీక్షకు పంపి, ఆ ఫలితం వచ్చేదాకా పిల్లలకు ఆర్‌ఓ నీళ్లు గాని వాననీళ్లు గాని తాగించమనండి.