పాలసీ నకిలీదని తేలింది. ఇప్పుడు కొత్తది కట్టి పాత ప్రమాదాన్ని అందులో చూపించొచ్చా?

ప్రశ్న: తెలిసిన ఏజెంటే కదా అని నా కారుకు (1,197 సీసీ) అతని దగ్గర థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివారి నష్టానికి మాత్రమే వర్తించేది) తీసుకున్నాను. రూ.2,400 అతని ఫోన్ నంబరుకు యూపీఐలో పంపితే వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపాడు. ఇటీవల నా కారు తగిలి బైకు మీద వెళ్తున్న ఒకతని కాలు విరిగింది. కేసయింది, పాలసీ కాపీ స్టేషన్లో ఇచ్చాను. ఇప్పుడేమో కంపెనీవాళ్లు ఆ నంబరు పాలసీ ఎవరిదో బైకుదని మెయిల్ పెట్టారు. కారు బాగు చేస్తున్న షెడ్డు అతను ‘ఇవాళే ఫుల్ ఇన్సూరెన్స్ కట్టండి, వచ్చే వారం గోడకు గుద్దినట్టు రాసి బంపరు, హెడ్‌లైటు డబ్బులైనా రాబడదాం’ అంటున్నాడు. నేను మోసపోయినవాణ్నా, మోసం చేసినవాణ్నా?

జవాబు: ఈ రోజు వరకు మీరు మోసపోయినవారే. కంపెనీ మెయిల్ చదివిన క్షణం నుంచి మాత్రం జాగ్రత్తగా ఉండాలి. భారతీయ న్యాయ సంహిత 340(2) సెక్షన్ ప్రకారం, నకిలీదని తెలిసి గానీ, అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి గానీ ఒక పత్రాన్ని అసలుదిగా వాడితే, దాన్ని సృష్టించినవాడికి పడే శిక్షే వాడినవాడికీ పడుతుంది. తెలియక స్టేషన్లో ఇచ్చినందుకు మీరు దోషి కారు. తెలిశాక అదే కాగితం ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో వేస్తే మాత్రం ‘నాకు తెలియదు’ అనే మాట నిలవదు. కాబట్టి మెయిల్ కాపీ జతచేసి, ‘నేనిచ్చిన పాలసీ నకిలీదని ఫలానా తేదీన తెలిసింది’ అని దర్యాప్తు అధికారికి వెంటనే రాసివ్వండి. రసీదు తీసుకోండి. మిగతా పనులన్నీ దీని తర్వాతే.

షెడ్డు అతని సలహా అసలు వినకండి. పాలసీ డబ్బు కట్టిన తర్వాతి ప్రమాదానికే వర్తిస్తుంది. బీమా చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందందే కంపెనీ మీద బాధ్యతే లేదు. పైగా బీమా తెగిపోయిన కారుకు ఫుల్ పాలసీ ఇచ్చే ముందు కంపెనీ కారును నాలుగు వైపులా ఫొటోలు తీయిస్తుంది. పగిలిన బంపరు ఆ ఫొటోల్లోనే కనబడుతుంది. పాత ఫొటోలు పెట్టి దాన్ని దాటినా, క్లెయిమ్ వచ్చాక నష్టాన్ని చూసి లెక్కగట్టే సర్వేయర్ దగ్గర దొరుకుతారు. రంగు ఊడిన రేకు అంచున తుప్పు చేరి ఉంటుంది, పగిలిన హెడ్‌లైటు లోపల దుమ్ము పేరుకుని ఉంటుంది. గోడకు గుద్దిన బంపరుకు సున్నం, సిమెంటు గీతలుండాలి, బైకు రంగు ఉండకూడదు. స్టేషన్లో ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రిలో మెడికో లీగల్ రికార్డు, రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు రిపోర్టు పాత తేదీతో ఉండనే ఉన్నాయి. క్లెయిమ్ ఫారం మీద సంతకం మీది. రేపు కేసు పెడితే మొదటి పేరూ మీదే. షెడ్డులో ఖాళీ క్లెయిమ్ ఫారం మీద ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే ఇవాళే వెనక్కి తీసుకుని చించేయండి.

మీ కాగితం ఎలా తయారైందో చెబుతాను, చదివేవాళ్లకూ పనికొస్తుంది. ఈ మోసంలో ఎక్కువగా జరిగేది ఇదే. ఏజెంటు ఓ బైకు పేరు మీద నిజమైన పాలసీ కొంటాడు. ఆ పీడీఎఫ్‌లో పేరు, బండి నంబరు, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు చెరిపి మీ కారువి పెడతాడు. పాలసీ నంబరు, కంపెనీ ముద్ర అసలువే కాబట్టి చూపుకు దొరకదు. దొరికేది లెక్కల్లో. థర్డ్ పార్టీ ప్రీమియం కేంద్ర ప్రభుత్వం నిర్ణయించేది, దాన్ని తగ్గించే అధికారం ఏ కంపెనీకీ లేదు. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో 1,000 సీసీ లోపు కారుకు రూ.2,094, 1,500 సీసీ వరకు రూ.3,416, అది దాటితే రూ.7,897. బైకుకైతే 75 నుంచి 150 సీసీ వరకు రూ.714. ఇవన్నీ పన్ను కలపక ముందు అంకెలు. మీ కారుకు 18 శాతం జీఎస్‌టీ కలిపితేనే రూ.4,031 అవుతుంది. రూ.2,400కు ఆ పాలసీ ఎక్కడా దొరకదు. మీ పీడీఎఫ్ తెరిచి ప్రీమియం, పన్ను, మొత్తం కూడి చూడండి. ఒక అంకె మార్చినవాడు మిగతా రెండూ మార్చడం తరచుగా మరిచిపోతాడు. బండి నంబరున్న వరుసలో అక్షరాలు పక్క వరుసల కన్నా కొంచెం లావుగానో సన్నగానో ఉండొచ్చు.

క్యూఆర్ కోడ్ ఉంది కదా అని నమ్మొద్దు, అది నకిలీ సైటుకూ తీసుకెళ్లగలదు. కంపెనీ వెబ్‌సైటు చిరునామా మీరే టైపు చేసి అందులో పాలసీ నంబరు వెతకండి. కొన్న కొద్ది రోజులకు కేంద్ర రవాణా శాఖ ఎంపరివాహన్ యాప్‌లో మీ బండి వివరాల కింద బీమా కంపెనీ పేరు, గడువు తేదీ మారాయో లేదో చూడండి. డబ్బు కంపెనీ ఖాతాకే వెళ్లాలి, వ్యక్తి నంబరుకు కాదు.

ఇక అసలు భారం. పాలసీయే లేదు కాబట్టి గాయపడినతనికి ట్రిబ్యునల్ నిర్ణయించే పరిహారం మీ మీద పడే ప్రమాదముంది. మీకున్న గట్టి దారి ఒక్కటే: ఆ ఏజెంటు నిజంగా ఆ కంపెనీ ఏజెంటేనా? పాలసీ మీద ఏజెంటు కోడ్ గానీ, పాయింట్ ఆఫ్ సేల్ వ్యక్తి (సాదా పాలసీలు అమ్మడానికి అనుమతి ఉన్నవాడు) కోడ్ గానీ ఉంటుంది. ‘ఫలానా తేదీన ఈ కోడ్ మీదేనా, ఎవరి పేరున ఉంది?’ అని కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి అడగండి. 64వీబీలోనే ఏజెంటు వసూలు చేసిన ప్రీమియాన్ని, సెలవులు మినహా 24 గంటల్లో పూర్తిగా కంపెనీకి జమ చేయాలని ఉంది. అతను వాళ్ల మనిషే అయితే, కంపెనీ తరఫున పుచ్చుకున్న డబ్బుకు కంపెనీ జవాబు చెప్పాలని ట్రిబ్యునల్లోనూ వినియోగదారుల కమిషన్‌లోనూ వాదించొచ్చు. గెలుపు ఖాయమని నేను చెప్పను, కానీ వదలకూడని వాదన. వినియోగదారుల కమిషన్‌కు మీరున్న జిల్లాలోనే, రెండేళ్లలోపు వెళ్లాలి. ఏజెంటు ఎవరికీ చెందనివాడైతే కంపెనీని లాగి లాభం లేదు. అప్పుడు మీ పోరాటం పరిహారం మొత్తం మీదా, ప్రమాదంలో ఎవరి తప్పెంత అన్నదాని మీదా ఉంటుంది. నోటీసు వచ్చాక గైర్హాజరు కావద్దు, ఏకపక్షంగా తీర్పు వస్తే ఆ అవకాశమూ పోతుంది.

ఏజెంటు మీద వేరే ఫిర్యాదు ఇవ్వండి. న్యాయ సంహితలోని 318(4) మోసం, 336(3) మోసం కోసం ఫోర్జరీ, రెండూ వర్తిస్తాయి. స్టేషన్లో తీసుకోకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(4) కింద ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. వాట్సాప్ చాట్ చెరపకండి, ఫోను మార్చకండి, అతను పంపిన పీడీఎఫ్‌ను పేరు కూడా మార్చకుండా అలాగే ఉంచండి. యూపీఐ లావాదేవీ నంబరు బ్యాంకు స్టేట్‌మెంటులోంచి ముద్రించుకోండి. ఇవి కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63 సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి, మీ వకీలుకు గుర్తు చేయండి.

బీమా లేకుండా నడిపినందుకు మోటారు వాహనాల చట్టం 196 సెక్షన్ కింద మొదటిసారికి రూ.2,000 జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. మోసపోయిన సంగతి అక్కడ చెప్పుకోండి.

కారు మళ్లీ రోడ్డెక్కే ముందు కొత్త పాలసీ నేరుగా కంపెనీ దగ్గరే తీసుకోండి. ప్రపోజల్‌లో (పాలసీ దరఖాస్తులో) పాత ప్రమాదం గురించి, ఇప్పుడున్న దెబ్బల గురించి అడిగిన చోట ఉన్నదున్నట్టు రాయండి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) గడిలో జాగ్రత్త: మీ చివరి అసలు పాలసీ గడువు తీరి 90 రోజులు దాటితే ఆ బోనస్ పోయినట్టే. నకిలీ పాలసీని ‘గత పాలసీ’గా చూపి 20 శాతమో 25 శాతమో బోనస్ అడిగితే, ఆ ఒక్క గడి వల్లే రేపటి క్లెయిమ్ ఆగిపోతుంది.