గానుగ దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

తొలి టాకీల కాలంలో తక్కువ ఖర్చుతో తీసిన దయ్యాల సినిమాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఆ సినిమాలంటే నీకున్న ప్రేమ ప్రతి వాక్యంలోనూ తెలుస్తోంది. అయినా చదువుతున్నంతసేపూ నాకు ఒక్కచోట కూడా భయం వేయలేదమ్మా. ఎందుకో చెబుతాను.

చచ్చినవాళ్లను లేపి జాంబీలుగా చాకిరీ చేయించుకునే కథ ‘వైట్ జాంబీ’ గురించి రాసిన దాంట్లో సగానికి పైగా ఖర్చుల సంగతే. 1932లో ఆ సినిమా తీసిన హాల్పెరిన్ సోదరులు చేతిలో పెద్దగా సొమ్ము లేకుండానే దిగారని, షూటింగు 11 రోజుల్లో ముగించారని, యూనివర్సల్ స్టూడియోలో ‘డ్రాకులా’ లాంటి పెద్ద సినిమాల కోసం వేసిన సెట్లను వాడుకుని రాత్రిళ్లు తీశారని రాశావు. అన్నీ నిజాలే. అయితే డబ్బు లేకపోవడం దానంతట అదే ఏ సినిమానూ గొప్పది చేయదు. అప్పట్లో చవకగా తీసినవాటిలో చాలామటుకు చివరిదాకా కూర్చుని చూడలేం. మిగిలిన చోటంతా జాంబీలను ఆడించే మాంత్రికుడిగా వేసిన బేలా లుగోసీ కళ్లకు ఇచ్చేశావు. ఆ కళ్ల గురించి రాయనివాళ్లు లేరు.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చెరకు గానుగ దృశ్యం మళ్లీ చూడు. తను మోహించిన అమ్మాయిని దక్కించుకోవడానికి సాయం కోరుతూ బోమాంట్ అనే తోటల యజమాని లుగోసీ పాత్ర దగ్గరికి వస్తాడు. పైన నడవలో జాంబీలైన మనుషులు నెత్తిన చెరకు గంపలతో ఒకరి వెనక ఒకరు నడుస్తుంటారు. కింద మరికొందరు గానుగ దూలాలను తోస్తూ గుండ్రంగా తిరుగుతుంటారు. ఎవరూ మాట్లాడరు. కొయ్య కిర్రుమంటూనే ఉంటుంది. పైనున్నవాళ్లలో ఒకడు తూలి గానుగలో పడిపోతాడు. కేక వినిపించదు. వెనకవాడు ఆగడు, గానుగ కూడా ఆగదు. ఆ కిర్రుమనే చప్పుడు మాత్రం అలాగే సాగుతుంది.

మాటల సినిమా వచ్చి అప్పటికి ఐదేళ్లు కూడా నిండలేదు. మైకు ఉన్నది సంభాషణల కోసమేనని చాలామంది అనుకుంటున్న రోజులవి. ఇక్కడ మనిషి చావు చప్పుడు లేకుండా జరిగిపోయింది, పని చప్పుడు మాత్రం మిగిలింది. నాకు వెన్నులో వణుకు పుట్టేది అక్కడే. ఒకసారి కళ్లు మూసుకుని ఆ దృశ్యాన్ని చెవులతో మాత్రమే విను. తర్వాత కలం పట్టుకో. రాసేటప్పుడు ‘భయానకం’, ‘ఒళ్లు గగుర్పొడిచే’ లాంటి మాటలు ఒక్కటి కూడా రానివ్వకు. గంపలు, దూలాలు, తూలిన పాదం, ఆగని వరస చాలు.

ఆ దృశ్యంలోనే ఇంకో సంగతి ఉంది. తన పనివాళ్లు నమ్మకంగా పనిచేస్తారని, పని గంటలు ఎక్కువైనా బాధపడరని లుగోసీ పాత్ర బోమాంట్‌తో చెబుతుంది. అమెరికాలో లక్షలమంది పని దొరక్క రోడ్డున పడ్డ ఏడాది అది. కథ జరిగే కరీబియన్ దేశం హైతీలోనేమో 1915 నుంచి అమెరికా సైన్యమే తిష్ట వేసుకుని ఉంది, 1934 దాకా కదలలేదు. అంతకుముందు ఫ్రెంచి వాళ్ల ఏలుబడిలో ఆ గడ్డ మీద చెరకు పండించినవాళ్లు ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు. చచ్చాక కూడా లేపి చెరకు మోయిస్తారన్న భయం ఎక్కడిదో ఆలోచించు. హైతీ జనం భయపడింది జాంబీ వచ్చి పట్టుకుంటుందని కాదు, తామే జాంబీలమైపోతామని. సినిమా ఈ భయాన్ని ఒక తెల్ల పెళ్లికూతురి కష్టంగా మార్చేసింది. పేరులోనే ఆ సంగతి ఉంది. ఆ సినిమా మీద నాకెంత ఇష్టమున్నా ఇది మాత్రం ఒప్పుకోలేను. నీ వ్యాసంలో జాంబీలను ‘రాక్షసులు’ అన్నావు. ఆ మాట కొట్టెయ్యి. వాళ్లు కూలీలు.

‘ది వాంపైర్ బ్యాట్’ మీద రాసిన పేరాలు తీసి పక్కన పెట్టు. 1933 జనవరిలో మెజెస్టిక్ అనే చిన్న కంపెనీ విడుదల చేసిన ఆ సినిమాకు వేరే వ్యాసం కావాలి. గబ్బిలాలను చేరదీసే అమాయకుడు హర్మన్‌ను ఊరు ఊరంతా కాగడాలతో తరమడం అందులో చూడాల్సిన ఘట్టం. డ్వైట్ ఫ్రై ఆ పాత్రను ఎంత జాలిగా చేశాడో! చివర బయటపడే శాస్త్రవేత్త ప్రయోగాల గోల నాకు ఎప్పుడూ రుచించలేదు.

ఒక జాగ్రత్త. ఈ సినిమాల మీద హక్కులు ఎవరికీ మిగలకపోవడంతో నకలుకు నకలు తీసిన ప్రింట్లు నెట్ నిండా ఉన్నాయి. వాటిలో నలుపంతా ముద్దకట్టి, గానుగ తోసేవాళ్ల ముఖాలు ఆనవు. గరగర శబ్దంలో కొయ్య కిర్రుమనడం కలిసిపోతుంది. బాగుచేసిన ప్రింటు సంపాదించి చూడు. నీ దగ్గర లేకపోతే నా దగ్గరున్నది పంపిస్తాను. పండగలోపు కొత్త ప్రతి రాసి పంపు. ఖర్చుల సంగతి ఎక్కడో ఒక వాక్యంలో ఉంటే చాలు.