చమురుకి తోడు రొయ్యలుంటే చాలా? మా చెరువు సంగతి చెప్తాను

చమురు మీద బతికే ఎక్వడార్ లాంటి దేశం రొయ్యల్లాంటి ఇంకో ఎగుమతి పెంచుకుంటే గట్టెక్కినట్టేనా అని కదా మీ ప్రశ్న. నేను ఆర్థికవేత్తని కాదు, భీమవరం పక్కన ఆరెకరాల చెరువులు చేస్తున్నాను, కాకపోతే ఎక్వడార్ పేరు మాకు రోజూ వినపడేదే, మా రొయ్యలు కొని ఎగుమతి చేసే ప్లాంటు వాళ్ళు రేటు తగ్గించినప్పుడల్లా ముందు చెప్పే సాకు అదే.

నా లెక్కలో సగమే గట్టెక్కినట్టు. 1999లో తెల్లమచ్చ వైరస్ అనే రొయ్యల జబ్బు వాళ్ళ చెరువుల్ని తుడిచిపెట్టేసింది. పైగా 2000 నుంచి వాళ్ళ కరెన్సీ అమెరికా డాలరే, కరెన్సీ విలువ తగ్గించుకుని సరుకు చవగ్గా అమ్ముకునే దారి లేదు. అయినా లేచి, రొయ్యల్ని చమురుతో పోటీపడేదాకా తెచ్చారు, గొప్పే. కానీ ఆ రొయ్యల్లో పెద్ద వాటా చైనాకే వెళ్తుంది. 2020 జూలైలో ప్యాకింగ్ మీద కోవిడ్ ఆనవాళ్ళున్నాయని చైనా మూడు కంపెనీల సరుకు ఆపేసింది, ఒక్క కొనేవాడి మీద ఆధారపడితే ఏమవుతుందో అప్పుడు తెలిసొచ్చింది.

మాకూ అంతే. మా నాన్న వరి మానేసి టైగర్ రొయ్య వేశారు, 90ల్లో తెల్లమచ్చ కొట్టింది. 2009లో వనామీ అనే ఇంకో రకం రొయ్యకి అనుమతి వచ్చాక ఊరంతా దాని మీదే పడ్డాం. చెరువు లీజు దగ్గర వరి కౌలు నిలవదు కదా, కూలీలూ ఇటే వచ్చేశారు, వరి చేసేవాడు మిగల్లేదు. చమురు డబ్బొచ్చి మిగతా రంగాల్ని ఎండగట్టడాన్ని డచ్ డిసీజ్ అంటారట, మేం పేరు తెలియకుండానే చూశాం. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, సాయంత్రం ఒప్పుకున్న రేటు తెల్లారి పట్టుబడి టైముకి లేదన్నాడు మా కొనేవాడు. వలలు దింపేశాం, ఐస్ లారీ గట్టు మీదుంది, ఏం చేస్తాం, ఇచ్చేశాం.

అందుకే ఎన్ని సరుకులున్నాయని కాదు, ఒక్క దెబ్బకి ఎన్ని పడతాయో చూడండి. కొనే దేశం, జబ్బు, అప్పిచ్చేవాడు, మూడూ ఒకటే అయితే పది సరుకులున్నా ఒకటి కిందే లెక్క. చెరువు తవ్వేశాక పూడ్చి మళ్ళీ వరికి రావడం కూడా మాటలు కాదు, దేశానికైనా పైపులైన్లూ ఓడరేవులూ అలాంటివే.

నేనైతే ఉప్పు తక్కువున్న రెండెకరాల్లో శీలావతి, బొచ్చె చేపలు వేశాను. లారీ కలకత్తా వైపు పోతుంది, అమెరికాతో పని లేదు. మేత, కరెంటు ఖర్చులు ఎలాగూ తప్పవు, లాభం రొయ్యకి దరిదాపుల్లో లేదు, మా ఆవిడ ఇప్పటికీ ఆ రెండెకరాలు దండగే అంటుంది.